పోయొస్త

ఫిబ్రవరి 5, 2008. మంగళవారం.

ఈరోజు ఒక అన్యాయం జరిగింది. చేసినవాడు సుబ్బరామయ్య, మా కంపెనీ అడ్మిన్ ఆఫీసర్. జరిగింది దేవన్నకు. రేపు ఎవడైనా వచ్చి ఇదంతా నేను కోపంలో అల్లానని అనకుండా పేర్లు ముందే రాసిపెడుతున్నాను.

దేవన్న నా రూమ్మేట్. ఇక్కడ గల్ఫ్‌లో, రాస్ తనూరా రిఫైనరీ పనుల్లో ఆరేళ్ళుగా పైపులు వెల్డింగ్ చేస్తున్నాడు. ఆయన వేసిన జాయింటు ఎక్స్‌రేలో ఫెయిలైతే క్యాంపులో ఆ రోజుకు అదే వార్త. అలాంటి మనిషి ఇవాళ ఇస్త్రీ అంగీ వేసుకొని, తల దువ్వుకొని, నన్ను తోడు తీసుకొని అడ్మిన్ ఆఫీసుకు పోయాడు. అడిగింది ఒక్కటే. నేను వెల్డర్నని ఒక లెటర్ ఇయ్యిండ్రి సార్ అని.

సుబ్బరామయ్య కంప్యూటర్‌లోంచి తల తీయలేదు. నీ ఇఖామాలో ఏముందయ్యా అన్నాడు. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండడానికి మాకిచ్చిన పర్మిట్ పుస్తకం. అందులో వృత్తి అన్నచోట అరబ్బీలో ఆమిల్ అని ఉంది. ఆమిల్ అంటే కూలీ. దేవన్న వచ్చిన ఏడాది కంపెనీకి కూలీ వీసాలే దొరికాయట. వెల్డర్లనూ మేస్త్రీలనూ అందర్నీ ఆమిల్ అనే దించారు. కూలీకి వెల్డర్ అని లెటర్ రాస్తే రేపు లేబర్ ఆఫీసు వాళ్ళు పట్టుకునేది నిన్ను కాదు, నన్ను అన్నాడు సుబ్బరామయ్య.

దేవన్న మంచిది సార్ అన్నాడు. మంచిది సార్!

నేను ఆగలేకపోయాను. ఆరేళ్ళు వెల్డర్ పని చేయించుకున్నప్పుడు ఇఖామా ఎవరూ తెరిచి చూడలేదేం అని అడిగాను. అప్పుడు తలెత్తాడు. నువ్వెవరు అన్నాడు. టైమ్‌కీపర్ని అన్నాను. అయితే వెళ్ళి టైము చూసుకో అన్నాడు.

శ్రమ చేసేవాడికి తన శ్రమ పేరు మీద కూడా హక్కు లేదు. ఈ వాక్యం బాగా వచ్చింది. ఎక్కడైనా వాడాలి.

ఫిబ్రవరి 6. బుధవారం.

ఆ లెటర్ దేనికో నిన్న కోపంలో రాయలేదు.

మా సైట్‌లో రోమెల్ అని ఫిలిప్పీన్ వెల్డర్ ఉండేవాడు. నిరుడు కెనడా పోయాడు. అక్కడ సస్కాచెవాన్ అనే ప్రావిన్స్‌లో ఏదో చిన్న ఊరు. పొలం యంత్రాలు, ధాన్యం పోసే ఇనుప గాదెలు తయారుచేసే వర్క్‌షాప్. వెల్డర్లు దొరక్క వాళ్ళు తల పట్టుకుంటే రోమెల్ దేవన్న పేరు చెప్పాడు. అక్కడి పద్ధతి ఇది: వర్క్‌షాప్ ఉద్యోగం ఇస్తానంటుంది. ఈ పనివాడు మా ప్రాంతానికి కావాలి అని ప్రావిన్స్ ప్రభుత్వం పేరు పంపుతుంది. దాన్ని నామినేషన్ అంటారు. అది వస్తే భార్యాబిడ్డలతో సహా పర్మినెంట్‌గా ఉండిపోవచ్చు. కఫీల్, అంటే వీసా ఇచ్చి మన పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే యజమాని, ఉండడు. పాస్‌పోర్టు మన పెట్టెలోనే ఉంటుంది. ఈ చివరి రెండు వాక్యాలూ నేను రూములో నిలబడి గట్టిగా చదివాను.

భోజన్న మంచం మీంచి లేచి కూర్చున్నాడు. స్కాఫోల్డింగ్ కడతాడు, నోరు ఊరుకోదు. నామినేషనా? దేవన్న ఎమ్మెల్యేకు నిలబడుతున్నడా? గుర్తేమొచ్చిందే? అన్నాడు. ఊరి పేరు చెప్పమన్నాడు. నేను చెప్పాను. మళ్ళా చెప్పమన్నాడు. నోరు తిరగని ఊరికి కాలెట్ల తిరుగుతది రా లీడర్ అన్నాడు. లీడర్ అనేది రూములో నాకు పెట్టిన పేరు. చలి ఎంత అని అడిగాడు. మైనస్ నలభై అన్నాను. ఇక్కడేమో ఎండ యాభై, అక్కడ సలి నలభై, మన మొఖానికి నడిమిట్ల ఒక్క దేశం రాయలేదేందే దేవుడు అన్నాడు.

దేవన్న నవ్వుతూనే ఉన్నాడు. మార్చి నెలాఖరులోగా లెటర్ అందకపోతే వేరే మనిషిని చూసుకుంటామని వర్క్‌షాప్ మేడమ్ రాసింది. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు. పెళ్ళయి పదేళ్ళు దాటింది, శ్రీలత వదినతో ఒక్క వానాకాలం మొత్తం గడిపింది లేదు. బిడ్డ ఫోన్లో నాయనా అని పిలుస్తుంది గానీ ఇంటికి పోతే రెండు రోజులు తలుపు వెనక నుంచి బయటికి రాదట.

నాకొక అనుమానం ఉంది. ఒక్క మనిషి తప్పించుకుపోతే అందరూ గెలిచినట్టా? నేను చదివిన పుస్తకాలన్నీ కాదనే అంటాయి. కానీ ఆ పుస్తకాలు రాసినవాళ్ళు దేవన్న బిడ్డను తలుపు వెనక చూడలేదు.

దేవన్న ఇప్పుడే డ్యూటీకి పోయాడు. పోయొస్త అని చెప్పి పోయాడు. ఈ మనిషి బాత్‌రూమ్‌కు పోయినా పోయొస్త అంటాడు. ఆ, జల్ది రా, నీ మీద బెంగపెట్టుకుంటం అంటాడు భోజన్న ప్రతిసారీ.

ఫిబ్రవరి 8. శుక్రవారం.

కరపత్రం రాశాను. జగిత్యాల బస్టాండులో కొన్న నా చిన్న ఉద్యమ పుస్తకాలు ముందేసుకొని, ఆ ఊపు తెచ్చుకొని. దమ్మాం ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాడు వాటిని తలకిందులుగా పట్టుకొని తిరగేసి, మందు సీసా ఏమీ లేదని తేల్చుకొని తిరిగి ఇచ్చాడు. అతనికి తెలుగు వచ్చుంటే నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదు.

కార్మిక సోదరులారా, అడ్మిన్ కుర్చీలో కూర్చొని మన శ్రమను మింగుతున్న సుబ్బరామయ్యను నిలదీయండి! అని మొదలుపెట్టాను. పొద్దున టిఫిన్‌కు ముందే మెస్ గోడకు అంటించాను. దేవన్నకు చెప్పలేదు. చెబితే వద్దంటాడు.

ఫిబ్రవరి 9. శనివారం.

అందరూ చూసేలోపే చింపేశారు. చింపింది మౌలా సాహెబ్, క్యాంప్ ఇన్‌చార్జి, హైదరాబాద్ పాతబస్తీ ఆయన. నన్ను వాటర్ ట్యాంక్ వెనక్కి లాక్కుపోయి, క్యా రే పోట్టే, జైల్ కు జాతా క్యా అన్నాడు. ఈ దేశంల గోడకు కాయితం అంటిస్తే నీ ఒక్కనికే టికెట్ రాదు, రూముల ఉన్న అందరికి వస్తది, దేవన్నకు ముంగట వస్తది అన్నాడు. కాగితం ఏం చేశారని అడిగాను. జిస్కా నామ్ థా, ఉస్కో దియా అన్నాడు. ఎవరి పేరుందో వాళ్ళకే ఇచ్చాడట.

దేవన్నకు ముంగట వస్తది. ఆ ముక్క రాత్రంతా అరగలేదు.

ఫిబ్రవరి 10. ఆదివారం.

సుబ్బరామయ్య పిలిపించాడు. ఇంటికి పంపిస్తాడనుకొని బ్యాగు కూడా సర్దుకున్నాను.

కరపత్రం బల్ల మీద ఉంది. ఎర్ర పెన్నుతో దిద్ది ఉంది! దోపిడీకి డీ దీర్ఘం మర్చిపోయావు, కార్మికుడికి మ ఒత్తు లేదు, ఉద్యమం చేసేవాడికి ఒత్తులు రాకపోతే ఎలాగయ్యా అన్నాడు. అక్షరదోషాలు మూడు, అబద్ధం ఒకటి అన్నాడు. అబద్ధం ఏదన్నాను. అడ్మిన్ కుర్చీలో కూర్చొని అన్నావే, అది అన్నాడు. డ్రాయర్‌లోంచి తన ఇఖామా తీసి వృత్తి అన్నచోట వేలు పెట్టి నా ముందుకు తోశాడు. నాకు అరబ్బీ అంకెలు తప్ప రావు. సబ్బాక్ అని ఉందయ్యా అన్నాడు. ప్లంబర్. గుంటూరులో ఎం.కామ్ చేశాను, ఈ జన్మలో ఒక కొళాయి వాషర్ మార్చిన పాపాన పోలేదు, అయినా ఈ దేశం లెక్కలో నేను ప్లంబర్ని అన్నాడు. ప్లంబర్‌కి ఫ్యామిలీ వీసా ఇవ్వరు. భార్య పద్మజ గారూ పిల్లవాడూ గుంటూరులోనే. ఈయనా మా క్యాంపులోనే, చివరి రూములో, పద్దెనిమిదేళ్ళుగా.

పద్దెనిమిదేళ్ళు! నేను ఆ రూము ముందు నుంచి రోజూ పోతాను. తాళం వేసి ఉంటే స్టోర్ రూము అనుకునేవాణ్ణి.

అయితే మీకు ఇంకా బాగా తెలియాలి కదా సార్ అన్నాను. తెలుసు కాబట్టే భయం అన్నాడు. ఇంక పో అన్నాడు.

ఫిబ్రవరి 12. మంగళవారం.

లెటర్ వచ్చింది!

కంపెనీ లెటర్‌హెడ్ మీద, సుబ్బరామయ్య సంతకంతో. పర్మిట్ ప్రకారం ఉద్యోగం: కూలీ. చేస్తున్న పని: పైప్ వెల్డింగ్, రిఫైనరీ టెస్టు పాసై పొందిన వెల్డర్ కార్డు ప్రకారం. కార్డు జిరాక్స్ కూడా జతచేశాడు. ఎక్కడా అబద్ధం లేదు, ఎక్కడా నిజం దాచలేదు. ఆ వెల్డర్ కార్డు దేవన్న మెడలో రోజూ వేలాడుతూనే ఉంటుంది. నాకు కనపడలేదు. నేను కరపత్రం అంటించడానికి గోడ కోసం చూస్తున్నాను.

ఇకనుంచి ఆయన్ని ఏకవచనంలో రాయను. సుబ్బరామయ్య గారు.

ఫిబ్రవరి 27. బుధవారం.

వర్క్‌షాప్ మేడమ్ ఫోన్ చేస్తుందట. వచ్చే బుధవారం, వాళ్ళకు పొద్దున తొమ్మిది, మాకు సాయంత్రం ఆరు. ఆమె సరేనంటేనే కాగితాలు ప్రావిన్స్‌కు పోతాయి.

దేవన్నకు ఇంగ్లీషు నేర్పుతున్నాను. పని మాటలు ఆయనకే వచ్చు: టిగ్, ఆర్క్, సిక్స్ జీ. మధ్యలో కలిపే మాటలే రావు. ఇనుమును ఇనుముకు కలిపే మనిషికి మాటను మాటకు కలపడం రావట్లేదు. భోజన్న మేడమ్ వేషం కట్టాడు. తలకు తువ్వాల చుట్టుకొని, గొంతు సన్నం చేసి, మిష్టర్ దేవన్నా, వాట్ ఈజ్ యువర్ కూర టుడే అని అడుగుతాడు. దేవన్న నిలబడి, దాల్ మేడమ్ అంటాడు.

మార్చి 5. బుధవారం. ఐదున్నర.

నా నోకియా ఫుల్ చార్జి. స్పీకర్ టెస్ట్ చేశాను. దేవన్న స్నానం చేసి విభూతి పెట్టుకున్నాడు. ఫోన్లో కనపడదు కదా అన్నాను. నాకు కనపడుతది గద అన్నాడు.

అదే రోజు. ఏడింటికి.

అయిపోయింది. అంతా అయిపోయింది.

బాగానే మొదలైంది. ఆమె పేరు షెరిల్. ఏమేం వెల్డింగ్ చేశావంటే గడగడా చెప్పాడు. ఆమె నవ్వింది కూడా, రోమెల్ నీ గురించి చెప్పింది నిజమే అంది. చివర్లో ఒక ప్రశ్న అడిగింది. ఇక్కడికి వస్తే ఎంత కాలం ఉండాలనుకుంటున్నావు అని.

దేవన్న నిటారుగా నిలబడ్డాడు. ఎయిర్‌పోర్టు కౌంటర్ ముందు నిలబడ్డట్టు. టూ ఇయర్స్ ఓన్లీ మేడమ్ అన్నాడు. ఆఫ్టర్ గో బ్యాక్ ఇండియా అన్నాడు. నేను చేతులు ఊపాను. వద్దు వద్దని ఊపితే, ఇంకా గట్టిగా చెప్పమంటున్నానని అనుకున్నాడు. హండ్రెడ్ పర్సెంట్ గో బ్యాక్ మేడమ్, ప్రామిస్ మేడమ్ అన్నాడు.

ఆమె ఓకే అంది. ఆ ఓకే నాకు తెలుసు.

ఫోన్ పెట్టేశాక దేవన్న ముఖం వెలిగిపోతోంది. మంచిగ జెప్పిన్నా లీడర్? అన్నాడు.

మార్చి 8. శనివారం.

రహీమా బజార్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి మెయిల్ చూశాను. మర్యాదగా రాసింది. ఇక్కడే జీవితం కట్టుకోవాలనుకునే వాళ్ళకే మేము నామినేషన్ అడగగలం, దేవన్న మనసు ఇంటి మీద ఉన్నట్టుంది, అది మంచి మనసే, ఆయనకు మేలు జరగాలి అని.

ఇన్ని మంచి మాటలతో కాదని చెప్పడం నేను ఎప్పుడూ చూడలేదు.

మార్చి 9. ఆదివారం.

దేవన్నతో మాట్లాడలేదు. ఆయన నా పళ్ళెం కూడా కడిగి పెట్టాడు.

మార్చి 10. సోమవారం.

ఇవాళ అరిచాను. రూమంతా వినేలా అరిచాను. పర్మినెంట్ పర్మినెంట్ అని నెల నుంచి నెత్తి నోరు కొట్టుకుంటుంటే రెండేళ్ళకు వచ్చేస్తానని ప్రామిస్ చేస్తావా, నీకేమైనా బుద్ధుందా అన్నాను. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాణ్ణి పట్టుకొని.

ఆయన మంచం అంచున కూర్చొని విన్నాడు. నేను అలసిపోయాక చెప్పాడు. మొదటిసారి ముంబైల ఏజెంట్ మమ్ముల లైన్ల నిలబెట్టి నేర్పిండు. ఎవ్వడడిగినా, ఎన్నిసార్లడిగినా, రెండేండ్లకు వాపస్ పోత అనాలె. ఉంట అని నోరు జారినవా, ముద్ర పడదు. ఎయిర్‌పోర్టుల గదే చెప్పిన. ఇక్కడ దిగినంక గదే చెప్పిన. గిన్నేండ్లల్ల ఎంతకాలం ఉంటవని అడిగినోడు, ఉండుమని అడిగినోడు గాదు తమ్మీ. పోతవా లేదా అని అడిగినోడే. గామె అడుగంగనే నోట్లకెల్లి అదే వచ్చింది అన్నాడు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. సరే, ఇప్పుడు కొత్త జవాబు నేర్చుకుందాం అన్నాను. ఐ విల్ నాట్ కమ్ బ్యాక్, నేను తిరిగి రాను, అను అన్నాను.

ఐ విల్ నాట్ అన్నాడు. ఆగాడు. మళ్ళా మొదలుపెట్టాడు. మళ్ళా అక్కడే ఆగాడు. గా మాట రాదు తమ్మీ అన్నాడు. మా ఇంట్ల ఎవ్వలు అనలె. మా ఊర్ల సచ్చేటోడు గూడ పోతున్న అనడు, పోయొస్త అనే అంటడు.

భోజన్న జోకు వేస్తాడని చూశాను. వేయలేదు.

మార్చి 11. మంగళవారం.

నిద్రపట్టక ఆలోచించాను. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం. పోయేటప్పుడు వస్తా అంటాం. మూఢనమ్మకాల మీద నేనే ఒక కరపత్రం రాసి మా కాలేజీ గేటు దగ్గర పంచాను. కానీ జగిత్యాలలో బస్సు ఎక్కేటప్పుడు నేనేమన్నాను? పోయొస్త అన్నాను.

ఇంకొకటి. దేవన్న కోసం నేను మెయిళ్ళు రాశాను, గోడలకు అంటించాను, అరిచాను. కెనడాలోనే ఉండిపోతావా అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. మొదట అడిగింది షెరిల్ మేడమ్.

మార్చి 12. బుధవారం.

మౌలా సాహెబ్ దగ్గర ఏ మాటా ఆగదు. సుబ్బరామయ్య గారు పిలిచారు. జరిగింది చెప్పాను. రాను అనే మాట దేవన్న నోటికి రావట్లేదు సార్ అన్నాను.

రాను అనమని ఎవరడిగారు అన్నారాయన. నాకు అర్థం కాలేదు. ఆవిడ అడిగింది ఉంటావా అని కదయ్యా, తిరిగి రావా అని కాదు కదా అన్నారు. రెండూ ఒకటే కదా సార్ అన్నాను. అని ఎవరు చెప్పారు నీకు, నీ పుస్తకాలా అన్నారు.

తర్వాత చాలాసేపు కిటికీలోంచి క్రేన్ల వైపు చూస్తూ మాట్లాడారు. మా అబ్బాయి పునీత్ చిన్నప్పుడు సెలవుకు వెళ్తే, గుమ్మంలో సూట్‌కేస్ దింపగానే వాడు అడిగే మొదటి మాట ఏమిటో తెలుసా, నాన్నా, వెళ్ళేదెప్పుడు? అన్నారు. వచ్చిన రోజే. నేను వెళ్ళొస్తా, వెళ్ళొస్తా అని అన్నిసార్లు అన్నాను, వాడికి మాత్రం నేను వచ్చినట్టు ఒక్కసారీ అనిపించలేదు. ఎక్కడా ఉండనివాడు తిరిగొచ్చి మాత్రం ఏం లాభమయ్యా. వాడిప్పుడు పదో తరగతి. ఇప్పుడు అదీ అడగడు అన్నారు.

కీబోర్డు ముందుకు లాక్కొని తనే మెయిల్ టైప్ చేశారు. గల్ఫ్‌లో మా మనుషులకు ఒకే జవాబు నేర్పిస్తారు, ఆయన ఆ జవాబు చెప్పాడు, మీ ప్రశ్న ఆయనను ఎవరూ అడగని ప్రశ్న, దయచేసి మళ్ళీ ఒకసారి అడగండి అని. చివర తన పేరు, హోదా. నేను చదివి తప్పులు వెతికాను. ఒక్కటి కూడా దొరకలేదు.

వచ్చేటప్పుడు అడిగారు, వాళ్ళకు ప్లంబర్లు కూడా కావాలేమో కనుక్కో అని. నవ్వారు. నేను నవ్వాలో లేదో తెలియలేదు.

మార్చి 14. శుక్రవారం.

వచ్చే బుధవారం మళ్ళీ చేస్తానని షెరిల్ మేడమ్ జవాబిచ్చింది!

దేవన్న శ్రీలత వదినకు ఫోన్ చేశాడు. కార్డు అయిపోతుందని స్పీకర్ పెట్టి గబగబా మాట్లాడతాడు, అందుకే రూమంతా వింటుంది. మా దగ్గర దాపరికం అనేది ఎప్పుడో పోయింది. అంతా చెప్పాడు. అంత దూరం పోయి ఉంట అని జెప్పాల్నట, ఏం జెయ్యమంటవే అన్నాడు.

కార్డులో నిమిషాలు తిరుగుతున్నాయి. వదిన అంది. పోయొస్త పోయొస్త అనుకుంట నా పెండ్లయినకాన్నుంచి పోతనే ఉన్నవు. ఒక్కపారన్న ఉంట అన్నవా? నాకన్న అన్నవా, నీ బిడ్డకన్న అన్నవా? గా మేడమ్‌కు జెప్పే ముందుగాల నాకు జెప్పు.

దేవన్న మా వైపు చూశాడు. భోజన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను చెప్పులేసుకొని బయటికి వచ్చేశాను. ఆయన ఏమన్నాడో వినలేదు. వినకూడదనిపించింది. అందుకని రాయలేను.

మార్చి 19. బుధవారం. రాత్రి భోజనం తర్వాత.

ఈసారి అడ్మిన్ ఆఫీసులో, ల్యాండ్‌లైన్ మీద. సుబ్బరామయ్య గారు తన కుర్చీ దేవన్నకు ఇచ్చి తాను నిలబడ్డారు. దేవన్న ఆ కుర్చీ అంచున కూర్చున్నాడు, వేడి పైపు మీద కూర్చున్నట్టు. నన్ను చేతులు ఊపొద్దని ముందే చెప్పారు. జేబులో పెట్టుకున్నాను.

షెరిల్ మేడమ్ వేరే ఏమీ అడగలేదు. అదే ప్రశ్న. వస్తే ఎంత కాలం?

మేము రాసిచ్చిన జవాబు దేవన్న ఒళ్ళోనే ఉంది. చూడలేదు. మేడమ్, వైఫ్ కమ్, డాటర్ కమ్, ఐ స్టే అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. వైఫ్ నో కమ్, డాటర్ నో కమ్, ఐ నో స్టే. ట్రూ మేడమ్.

ఆ రెండో వాక్యం మేము రాసింది కాదు. సుబ్బరామయ్య గారు కళ్ళు మూసుకున్నారు.

తర్వాత ఆమె అంది, నెమ్మదిగా, ఆయనకు అర్థం కావాలని ఒక్కొక్క మాటా విడదీసి. మా ఊళ్ళో ఎవరైనా ఉంటున్నారంటే అందుకేనయ్యా ఉంటున్నారు అని. అందరి కాగితాలూ కలిపే పంపుతాను, నీ కూతురు ఏ క్లాసు అని అడిగింది.

ఫోర్త్ క్లాస్ మేడమ్ అన్నాడు దేవన్న. అది మాత్రం చక్కటి ఇంగ్లీషులో అన్నాడు.

లేచి, కుర్చీని తుడిచి, పోయొస్త సార్ అన్నాడు. వెళ్ళిరా అన్నారు సుబ్బరామయ్య గారు. ముగ్గురం ఒక్కసారే నవ్వాం.

మే 3. శనివారం.

ఏ కబురూ లేదు. ఇసుక గాలి. భోజన్న మాత్రం ఓట్ల లెక్కింపు ఇంక కాలేదా అని రోజూ అడుగుతున్నాడు.

ఆగస్టు 16. శనివారం.

నామినేషన్ వచ్చింది. దేవన్న గెలిచిండు, మెజారిటీ రెండు ఓట్లు, ఒకటి పెండ్లాం, ఒకటి బిడ్డ అని భోజన్న మెస్‌లో బల్లెక్కి చాటాడు. అందరికీ రూఅఫ్జా షర్బత్ పోశాం. దేవన్న తాగకుండా గ్లాసు పట్టుకొని నిలబడ్డాడు.

ఒక్కడు పోతే అందరూ గెలిచినట్టా అని ఫిబ్రవరిలో రాశాను. ఇప్పుడూ తెలియదు. కానీ ఇవాళ ఇద్దరు వచ్చి తమ వెల్డర్ కార్డులు నాకు చూపించారు. మాకు గూడ రాసి పెడ్తవా లీడర్ అని అడిగారు. ముందు ఒకటి చెప్పండి, మీరు ఉంటారా అని అడిగాను. ఇద్దరూ తెల్లబోయారు. ఆలోచించుకొని వస్తామన్నారు.

నవంబర్ 17. సోమవారం.

ముగ్గురికీ కెనడా వీసాలు వచ్చాయి. దేవన్న పాస్‌పోర్టు కంపెనీ వాళ్ళు ఇచ్చారు. శుక్రవారం బయలుదేరతాడు. ముందు ఊరికి పోయి, అక్కణ్ణుంచి ముగ్గురూ కలిసి.

ముద్ర చూపించారు సుబ్బరామయ్య గారు. ఈ దేశంలో పోవడానికి రెండు ముద్రలు. ఒకటి రీ-ఎంట్రీ, పోయి రావడానికి. ఇంకొకటి ఖురూజ్ నిహాయీ, ఇంక రాకపోవడానికి. అరబ్బులకు పోయొస్త వేరే, పోత వేరే అన్నమాట అన్నాను. ఆ, వాళ్ళు రెండింటికీ ముద్ర గుద్దుతారు, మనం ఒకదానికే నోరు తెరుస్తాం అన్నారు.

దేవన్న తన ట్రంకు పెట్టె నాకిచ్చాడు. వెల్డింగ్ హెల్మెట్ మాత్రం ఇవ్వలేదు.

నవంబర్ 20. గురువారం.

మెస్ గోడకు ఇవాళ మళ్ళీ ఒక కాగితం అంటించాను. టేపు సుబ్బరామయ్య గారిది. పక్కన నిలబడి చదివారు, ఎర్ర పెన్ను తీయలేదు. మౌలా సాహెబ్ క్యాంపు ముద్ర కొట్టాడు. కాపీ ఇక్కడ:

సోదరులారా!

రేపు శుక్రవారం పొద్దున ఏడింటికి అందరూ గేటు కాడికి రావాలె. దేవన్న బండెక్కుతడు. డ్యూటీ లేదు, సాకు లేదు.

ఒక్కటి యాదుంచుకోండ్రి. పోయిరా అని ఎవ్వరూ అనొద్దు. ఇక్కడికి మళ్ళ రమ్మని ఎవ్వరూ దీవించొద్దు.

మరి ఏమనాల్నో నాకు గూడ తెల్వదు. ఏడింటి దాక టైమున్నది. ఆలోచించుకోని రాండ్రి.